గూగుల్ సెర్చ్ కన్సోల్ రివ్యూ: హోమ్ లోన్ ఆఫీస్ నడిపేవాళ్ళ కోసం

ముందే చెప్పేస్తున్నా, ఇది రూపాయి ఖర్చు లేని దాని గురించి రాస్తున్న రివ్యూ. గూగుల్ సెర్చ్ కన్సోల్, మన సైట్ గూగుల్ సెర్చ్‌లో ఎలా కనబడుతోందో చూపించే గూగుల్ వాళ్ళ టూల్. ఎస్ఈఓ, అంటే వెతికితే సైట్ పైన కనబడేలా చేసే పని, చేసేవాళ్ళకి ఇది రోజూ చూసేదే, కానీ మన హైదరాబాద్‌లో హోమ్ లోన్ ఫైల్స్ చేసే డీఎస్ఏలు (బ్యాంకులకి లోన్ కస్టమర్లని తెచ్చే ఏజెంట్లు), చిన్న చిన్న కన్సల్టెన్సీల వాళ్ళు దీన్ని తెరిచి చూడటం నేనైతే పెద్దగా చూడలేదు. అందరికీ వెబ్‌సైట్ ఉంటుంది, దానికి నెల నెలా ఎవరికో డబ్బులు కడుతుంటారు, మరి మీ సైట్ గూగుల్‌లో ఏం కొడితే కనబడుతోంది అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ఆ జవాబు ఫ్రీగా దొరుకుతుంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మా బావది ప్రగతి నగర్‌లో లోన్ల ఆఫీస్. శాలరీడ్ వాళ్ళవి, బిజినెస్ వాళ్ళవి, బీటీ టాప్-అప్ (ఉన్న లోన్‌ని ఇంకో బ్యాంక్‌కి మార్చుకుని పైన ఇంకొంత తీసుకోవడం), ప్లాట్ లోన్, అన్నీ చేస్తాడు, నాలుగైదు బ్యాంకుల్లో ఫైల్ లాగిన్ చేస్తాడు. వెబ్‌సైట్ పని నేను చూసుకుంటా. అంతకు ముందు సిటీలోనే ఒక ఏజెన్సీ చూసేది, పేరు వద్దు. మూడు నెలల్లో ఫస్ట్ పేజీ గ్యారంటీ అన్నారు, నెలాఖరుకి రంగు రంగుల పీడీఎఫ్ రిపోర్ట్ వచ్చేది, అందులో బాణాలన్నీ పైకే ఉండేవి, ఆఫీస్‌లో ఫోన్ మాత్రం మోగేది కాదు. అసలు ఫస్ట్ ర్యాంక్ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే తన గైడ్‌లో రాసి పెట్టింది, ఎస్ఈఓ పని మొదలెట్టాక ఫలితం కనబడాలంటే మామూలుగా 4 నెలల నుంచి ఏడాది పడుతుందని కూడా గూగుల్ వాళ్ళే ఒక వీడియోలో చెప్పారు. కాబట్టి గ్యారంటీ అనే మాట వినబడితే టీ తాగేసి లేచి వచ్చేయండి, అంతే.

సెటప్ గురించి పెద్దగా చెప్పేది లేదు. డొమైన్ ప్రాపర్టీ అని ఉంటుంది, అది తీసుకోండి, డొమైన్ కొన్న చోట ఒక టెక్స్ట్ రికార్డ్ (సైట్ మీదే అని రుజువు చేసే చిన్న కోడ్) పెట్టమంటుంది, పెడితే వెరిఫై ఐపోతుంది, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నదీ లేనిదీ అన్నీ ఒకే చోట లెక్కకి వస్తాయి. ఒక్క విషయం, ఇది 16 నెలల డేటా వరకే ఉంచుతుంది, అంతకన్నా పాతది కావాలంటే మీరే అప్పుడప్పుడు షీట్‌లోకి దించుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి. నేను మొదట తెరిచింది పేజెస్ రిపోర్ట్. మన సైట్‌లో ఏ పేజీలు గూగుల్ తన ఇండెక్స్‌లో, అంటే వెతికినవాళ్ళకి చూపించే పేజీల జాబితాలో, పెట్టుకుంది, ఏవి పెట్టుకోలేదు, ఎందుకు పెట్టుకోలేదు అని చూపించేది. ఆ ఏజెన్సీ వాళ్ళు ఏరియాకి ఒకటి చొప్పున పేజీలు చేసి పెట్టారు, హోమ్ లోన్స్ ఇన్ మియాపూర్, హోమ్ లోన్స్ ఇన్ బాచుపల్లి, నిజాంపేట్, మూసాపేట్, కొంపల్లి ఇలా. తెరిచి చూస్తే మ్యాటర్ మొత్తం ఒకటే, ఏరియా పేరు ఒక్కటే మారింది, కొంపల్లి పేజీ మధ్యలో మియాపూర్ కస్టమర్లకి స్వాగతం అని ఉంది, అది మార్చడం కూడా మర్చిపోయారు. ఆ పేజీల్లో చాలా వరకు క్రాల్డ్ కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్ అనే వరసలో ఉన్నాయి, అంటే గూగుల్ వచ్చింది, చదివింది, పెట్టుకోలేదు. బావకి ల్యాప్‌టాప్ తిప్పి చూపించా.

"అంటే వచ్చి చూసి పోయిండా?"

"పోయిండు బావా, పెట్టుకోలే."

"మరి వీటికి పైసలు కట్టినం గదరా."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇలా ఊరి పేరు మార్చి మార్చి పెట్టే పేజీల్ని గూగుల్ డోర్‌వే పేజీలంటుంది, స్పామ్ పాలసీలో పేరు పెట్టి మరీ రాసింది. 2024 మార్చిలో ఇంకో రూల్ కూడా కలిపారు, పేజీలు మనిషి రాసినా మెషీన్ రాసినా సరే, ర్యాంక్ కోసం కుప్పలు తెప్పలుగా పోస్తే అది స్పామే. ఇప్పుడు ఏఐతో గంటలో వంద పేజీలు చేసి ఇస్తామని తిరుగుతున్న వాళ్ళ దగ్గర ప్యాకేజీ తీసుకునే ముందు ఇది గుర్తు పెట్టుకోండి. మేం ఆ ఏరియా పేజీలన్నీ తీసేశాం. తీసేస్తే ఉన్న ట్రాఫిక్ కూడా పోతుందేమో అని బావ భయపడ్డాడు, కానీ పెర్ఫార్మెన్స్ రిపోర్ట్‌లో ఆ పేజీలకి ఒక్క క్లిక్ కూడా లేదు, పోవడానికి ఏమీ లేదని అదే చూపించింది.

ఇక పెర్ఫార్మెన్స్ రిపోర్ట్, నాకు దీని మీద ప్రేమ అంటే నిజంగా ప్రేమే. క్లిక్స్, ఇంప్రెషన్స్ (ఎన్నిసార్లు కనబడ్డామో), సీటీఆర్ (కనబడినవాటిలో ఎన్నిటికి నొక్కారో ఆ శాతం), యావరేజ్ పొజిషన్ (సగటున ఎన్నో స్థానంలో ఉన్నామో) అని పైన నాలుగు డబ్బాలు, కింద క్వెరీస్ అని ఒక లిస్ట్, అంటే జనం గూగుల్‌లో ఏం కొడితే మన సైట్ కనబడిందో ఆ మాటలు యథాతథంగా. పై వరసల్లో మా ఆఫీస్ పేరు, బావ పేరు, అది ఎవరికైనా ఉండేదే. హోమ్ లోన్, హోమ్ లోన్ హైదరాబాద్ లాంటి పెద్ద మాటల దగ్గర మన పొజిషన్ ఎక్కడో అడుగున, అక్కడ బ్యాంకులు, పెద్ద పెద్ద పోర్టల్స్ కూర్చుని ఉన్నాయి, మనం ఎంత చేసినా అక్కడికి పోయేది కష్టం, ఆ డబ్బులూ టైమూ అక్కడ పోయడం నాకైతే ఇష్టం లేదు. లిస్ట్‌ని కిందికి జరుపుతూ పొండి, అక్కడ ఉంది సరుకు. పంచాయతీ లేఅవుట్ ప్లాట్‌కి లోన్ వస్తుందా. ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ ప్లాట్‌ని ఫీజు కట్టి రెగ్యులరైజ్ చేయించుకునే స్కీమ్) పెండింగ్ ఉంటే బ్యాంక్ లోన్. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) లేని ఫ్లాట్ రీసేల్ లోన్. లింక్ డాక్యుమెంట్ (అంతకు ముందు ఓనర్ల రిజిస్ట్రేషన్ కాగితం) పోతే ఏం చేయాలి. ఐటీఆర్ రెండేళ్ళే ఉంటే హోమ్ లోన్. సగం మంది ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు కొడతారు, మనం వాట్సాప్‌లో కొట్టుకున్నట్టే. ఒక్కో దాని పక్కన ఇంప్రెషన్స్ ఉన్నాయి, క్లిక్స్ సున్నా. అంటే జనం అడుగుతున్నారు, మన సైట్ ఎక్కడో మూలన కనబడుతోంది, కానీ లోపల జవాబు లేదు.

ఆ ప్రశ్నలన్నీ బావ టేబుల్ ముందు కుర్చీలో కూర్చుని రోజూ అడిగేవే. మొన్న ఒకాయన జిరాక్స్ కాగితాల కట్ట పట్టుకొచ్చాడు, పైన 2020లో ఎల్ఆర్ఎస్‌కి వెయ్యి రూపాయలు కట్టిన రసీదు, ఇది చాలదా సార్ అని. బావ ఆ రసీదుని పక్కకి పెట్టి, అన్నా ఇది అప్లికేషన్ పెట్టినట్టు రుజువు మాత్రమే, బ్యాంక్ వకీల్ అడిగేది ప్రొసీడింగ్స్, అంటే ప్లాట్ రెగ్యులరైజ్ అయిందని ఇచ్చే ఆర్డర్, మిగతా ఫీజు కట్టి అది తెచ్చుకుంటే అప్పుడు ఫైల్ వేద్దాం, అప్పటిదాకా లీగల్‌లో ఆగిపోద్ది అని నిదానంగా చెప్పాడు. ఏ బ్యాంక్ వెబ్‌సైట్‌లో ఉంటుంది ఈ మాట? వాళ్ళ పేజీ దేశం మొత్తానికి రాసింది, అందులో మన ఎల్ఆర్ఎస్ ఎందుకుంటుంది, చెరువు ఎఫ్‌టీఎల్ (నిండితే నీళ్ళొచ్చే హద్దు), దాని చుట్టూ ఉండే బఫర్ జోన్ ఎందుకుంటుంది, చెరువు కబ్జాలు కూల్చే హైడ్రా వచ్చాక జనానికి పట్టుకున్న భయం ఎందుకుంటుంది. అది ప్రగతి నగర్‌లో కూర్చుని ఫైల్స్ చేసే మనిషికే తెలుసు. చిన్న లోన్ ఆఫీస్ గూగుల్‌లో పెద్దవాళ్ళ మధ్య కనబడాలంటే నాకు తెలిసి ఉన్న దారి ఇదొక్కటే, మీ టేబుల్ ముందు అడిగే ప్రశ్నకి మీ టేబుల్ దగ్గర ఇచ్చే జవాబు రాయడం.

మేం చేసింది సింపుల్. సాయంత్రం ఆఫీస్ ఖాళీ అయ్యాక ఫోన్‌లో రికార్డింగ్ పెడతా, క్వెరీస్ లిస్ట్‌లోంచి ఒక ప్రశ్న చదువుతా, బావ కస్టమర్‌కి చెప్పినట్టే చెప్తాడు, నేను దాన్ని రాసి పేజీ చేస్తా. ఒక ప్రశ్నకి ఒక పేజీ. 2025లో ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్‌లలో ఆర్‌బీఐ రెపో రేట్‌ని, అంటే తను బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ రేట్‌ని, 6.50 నుంచి 5.50 శాతానికి దించింది కదా, అప్పుడు రెపో తగ్గింది నా ఈఎంఐ ఎందుకు తగ్గలేదు అని ఫోన్లే ఫోన్లు. దాని మీద పేజీ రాశాం: 2019 అక్టోబర్ నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ హోమ్ లోన్లు రెపో లాంటి బయటి బెంచ్‌మార్క్‌కి కట్టి ఉంటాయి, మూడు నెలలకి ఒకసారైనా రీసెట్ చేయాలి, కాబట్టి తగ్గిన మర్నాడే మారదు, చాలాసార్లు బ్యాంక్ ఈఎంఐ అలాగే ఉంచి నెలలు తగ్గిస్తుంది, అంతకన్నా పాత లోన్ ఐతే ఎంసీఎల్ఆర్ (బ్యాంక్ తన సొంత ఖర్చుల లెక్కతో పెట్టే రేటు) మీదే ఉండిపోయి ఉండొచ్చు, వెళ్ళి మార్పించుకోండి అని. ఫ్లోటింగ్ రేట్ హోమ్ లోన్ ముందే కట్టేస్తే పెనాల్టీ ఉండదు అని కూడా అందులోనే పెట్టాం, ఇప్పటికీ చాలామందికి తెలీదు. ఇంకో పేజీ లోన్ మొత్తం తీరాక ఒరిజినల్ డాక్యుమెంట్స్ గురించి, 30 రోజుల్లో తిరిగివ్వాలి, తప్పు బ్యాంక్‌దైతే ఆలస్యానికి రోజుకి 5,000 చొప్పున కస్టమర్‌కి ఇవ్వాలి, 2023 డిసెంబర్ 1 నుంచి ఉన్న రూల్. ఈ పేజీ వల్ల మాకు కొత్త ఫైల్ రాదు కదరా అని బావ అన్నాడు, రాకపోయినా పర్లేదు, చదివినోళ్ళు గుర్తుపెట్టుకుంటారు అన్నా. తర్వాత బీటీ కోసం వచ్చినవాళ్ళల్లో ఆ పేజీ చదివి వచ్చామన్న వాళ్ళు ఉన్నారు.

లోన్లు, డబ్బు, ఆరోగ్యం లాంటి వాటిని గూగుల్ మామూలు టాపిక్స్‌లా చూడదు, మనిషి డబ్బుకో ప్రాణానికో సంబంధించినవి అని వేరే లెక్క, అక్కడ రాసినవాళ్ళెవరు, వాళ్ళకి అనుభవం ఉందా, నమ్మొచ్చా అనేది ఇంకా గట్టిగా చూస్తుంది. సెర్చ్ ఫలితాలు ఎలా ఉన్నాయో చూసి మార్కులేసేవాళ్ళకి గూగుల్ ఇచ్చే రేటింగ్ గైడ్‌లైన్స్‌లో 2022 డిసెంబర్‌లో అనుభవం అనే మాట కొత్తగా చేర్చారు కూడా. అందుకని ప్రతి పేజీ కింద బావ ఫోటో, పేరు, ఎన్నాళ్ళ నుంచి ఈ పని చేస్తున్నాడు, ఏ బ్యాంకులతో టై-అప్, పేఅవుట్ (మా కమిషన్) బ్యాంక్ ఇస్తుంది కస్టమర్ దగ్గర తీసుకోము అనే మాట, పేజీ చివరిసారి ఏ తేదీన సరిచూశామో ఆ తేదీ, అన్నీ పెట్టాం. రేట్లు రాసిన పేజీని మాత్రం అలా వదిలేయకండి, పాత వడ్డీ రేటు చూసి వచ్చిన కస్టమర్ మీ ముందే మొహం మాడ్చుకుంటాడు, ఆ నమ్మకం మళ్ళీ రాదు.

టైటిల్స్ సంగతి కూడా ఈ రిపోర్టే పట్టించింది. పొజిషన్ బాగానే ఉంది, సీటీఆర్ పడుకుని ఉంది అంటే జనం చూసి కూడా నొక్కట్లేదని. పాత టైటిల్ నెంబర్ వన్ బెస్ట్ హోమ్ లోన్ కన్సల్టెంట్ ఇన్ హైదరాబాద్, ఇలాంటివి సిటీలో ప్రతి ఒక్కడూ పెట్టుకునేదే. దాన్ని పంచాయతీ ప్లాట్‌కి లోన్ ఏ బ్యాంక్ ఇస్తుంది, ఏ కాగితాలు కావాలి అని మార్చాం. కంపేర్ అనే ఆప్షన్‌లో మార్చక ముందు మూడు నెలలు, మార్చాక మూడు నెలలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం, తేడా కళ్ళకి కనబడింది. గూగుల్ ఒక్కోసారి మన టైటిల్‌ని తనే మార్చి చూపిస్తుంది, అది మన చేతుల్లో లేదు.

యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్, అంటే ఒక పేజీ లింక్ వేస్తే గూగుల్ దాన్ని ఎలా చూస్తోందో చెప్పేది, దాని గురించి ఒక్క సంఘటన చెప్తా. ఉప్పల్‌లో బావ ఫ్రెండ్ ఒకాయన, ఆయనా లోన్లే చేస్తాడు, మంచి సైట్ చేయించుకున్నాడు, ఏడాది దాటినా గూగుల్‌లో ఆఫీస్ పేరు కొట్టినా రాదు. హోమ్ పేజీ లింక్ ఇందులో పైన డబ్బాలో వేశాం, నోఇండెక్స్ ట్యాగ్ (ఈ పేజీని పెట్టుకోవద్దని గూగుల్‌కి చెప్పే గుర్తు) ఉంది అని చెప్పేసింది. వర్డ్‌ప్రెస్ సెటింగ్స్‌లో రీడింగ్ అని ఉంటుంది, అందులో సెర్చ్ ఇంజిన్లని రావద్దని చెప్పే టిక్కు, సైట్ కట్టేటప్పుడు పెట్టి తీయడం మర్చిపోయారు. ఒక్క టిక్కు! ఇన్నాళ్ళూ ఆయన ఫేస్‌బుక్ యాడ్స్ మీద పోసిన డబ్బు తలుచుకుంటే నాకే కడుపు తరుక్కుపోయింది. మీ సైట్‌కి ఈ ఒక్క చెక్ అయినా ఈ రోజే చేసుకోండి.

స్పీడ్ విషయం క్లుప్తంగా. కోర్ వెబ్ వైటల్స్ రిపోర్ట్ ఉంటుంది, పేజీలో పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి, చదువుతుంటే పేజీ ఎగిరెగిరి పడకూడదు. మనలాంటి చిన్న సైట్లకి అక్కడ చాలినంత డేటా లేదు అని వస్తుంది, అప్పుడు పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో చూసుకోవచ్చు, అదీ ఫ్రీనే. మేం హోమ్ పేజీలో తిరిగే బొమ్మలు, సంతోషంగా తాళం చెవి పట్టుకున్న జంట ఫోటో తీసి పారేశాం, ఈఎంఐ క్యాలిక్యులేటర్ ఒక్క పేజీకే పరిమితం చేశాం, సైట్ తేలికైపోయింది.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ దీనికి తోడు, 2021 వరకు గూగుల్ మై బిజినెస్ అనేవాళ్ళు. మ్యాప్‌లో కనబడేది దీని వల్లే. అక్కడ ర్యాంక్‌కి గూగుల్ చెప్పేవి మూడే: అడిగినదానికి మీ పని సరిపోతుందా, ఎంత దూరంలో ఉన్నారు, ఎంత పేరుంది. డబ్బు కడితే పైకి రారు, అది కూడా వాళ్ళే రాశారు. ప్రగతి నగర్‌లో ఆఫీస్ పెట్టుకుని ఎల్‌బీ నగర్ వాళ్ళకి మ్యాప్‌లో ఫస్ట్ కనబడాలంటే కుదరదు, దాని కోసం దొంగ అడ్రస్‌లు పెట్టే సలహా ఇస్తారు కొందరు, ప్రొఫైల్ సస్పెండ్ అయితే ఉన్న రివ్యూలన్నీ జనానికి కనబడకుండా పోతాయి. పేరు దగ్గర బోర్డు మీద ఉన్న పేరే ఉండాలి, పేరు పక్కన బెస్ట్ హోమ్ లోన్స్ లో ఇంట్రెస్ట్ అని తోక తగిలించకూడదు. రివ్యూలకి గిఫ్టులు, డిస్కౌంట్లు ఇవ్వడం రూల్‌కి విరుద్ధం, బాగుందన్న వాళ్ళని మాత్రమే ఏరుకుని అడగడం కూడా విరుద్ధమే. మేం లోన్ డబ్బు చేతికొచ్చిన ప్రతి కస్టమర్‌కీ ఇచ్చే ఫైల్ కవర్ లోపల క్యూఆర్ కోడ్ అంటించాం, రాస్తే రాస్తారు లేకపోతే లేదు. లోన్ రిజెక్ట్ అయిన ఒకావిడ, వీళ్ళు ఎందుకు రిజెక్ట్ అయిందో కూర్చోబెట్టి చెప్పారు, సిబిల్‌లో ఏం సరిచేసుకోవాలో రాసిచ్చారు అని రాసింది. మాకొచ్చిన వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చిన రివ్యూ అదే.

సెర్చ్ కన్సోల్‌లో లోపాలు లేవా అంటే ఉన్నాయి, అందుకే నేను అయిదుకి నాలుగున్నర ఇస్తా. పక్కా డేటా రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అంతకు ముందు చూపించే అంకెలు మారొచ్చు. మరీ తక్కువ మంది కొట్టిన మాటల్ని ప్రైవసీ పేరుతో చూపించదు, దాంతో కింద లిస్ట్ కూడితే పైన మొత్తానికి కలవదు, మనలాంటి చిన్న సైట్‌కి అలాంటి మాటలే ఎక్కువ కాబట్టి అది కొంచెం బాధే. పేజీని ఇండెక్స్‌లో పెట్టుకోమని గూగుల్‌ని అడిగే రిక్వెస్ట్ ఇండెక్సింగ్ బటన్ నొక్కితే పేజీ వెంటనే వచ్చేస్తుందని గ్యారంటీ లేదు, పదే పదే నొక్కినా లాభం లేదు. యావరేజ్ పొజిషన్ చూసి ఇవాళ పడిపోయాం నిన్న ఎక్కాం అని రోజూ గుండె పట్టుకోవద్దు, కొట్టిన మనిషిని బట్టి, ఏరియాని బట్టి అది మారుతుంటుంది. అన్నిటికన్నా పెద్దది, క్లిక్ చేసినవాళ్ళు ఫోన్ చేశారా లేదా అనేది ఇది చెప్పదు. దానికి మేం పాత పద్ధతే పెట్టుకున్నాం, ఫోన్ ఎత్తే అమ్మాయి ప్రతి కొత్త కస్టమర్‌ని మా గురించి ఎక్కడ చూశారండీ అని అడిగి రిజిస్టర్‌లో రాస్తుంది. గూగుల్‌లో చూశాం అంటే ఏం వెతికితే వచ్చిందండీ అని కూడా అడుగుతుంది. ఆ రిజిస్టర్, ఈ లిస్ట్ పక్కపక్కన పెట్టుకుని తర్వాతి పేజీ ఏది రాయాలో చూసుకుంటాం.

ఇదంతా మనకెందుకు, ఎవరికైనా ఇచ్చేద్దాం అనుకున్నా ఇవ్వండి, తప్పేం లేదు, మంచి వాళ్ళు ఉన్నారు. కానీ సెర్చ్ కన్సోల్, బిజినెస్ ప్రొఫైల్, డొమైన్ ఈ మూడూ మీ సొంత జీమెయిల్ మీద ఓనర్‌గా పెట్టుకోండి, వాళ్ళకి యూజర్ గానో మేనేజర్ గానో యాక్సెస్ ఇవ్వండి. పని ఆపేసిన రోజు సెటింగ్స్‌లో యూజర్స్ అండ్ పర్మిషన్స్‌లోకి వెళ్ళి వాళ్ళ పేరు తీసేయండి, వాళ్ళు కూడా ఓనర్‌గా వెరిఫై చేసుకుని ఉంటే వాళ్ళు పెట్టిన టెక్స్ట్ రికార్డో ఫైలో కూడా తీసేయాలి, లేకపోతే మళ్ళీ లోపలికి రాగలుగుతారు.